ఫ్లాస్క్ నుంచి ఎటు మారాలి? జాంగో, ఫాస్ట్‌ఏపీఐ, క్వార్ట్‌లను ఒకే నమూనా అప్లికేషన్‌తో పోల్చి ఎంచుకోవడం

పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా ఉండే కోడు చట్రం) ఫ్లాస్క్; జాంగో, ఫాస్ట్‌ఏపీఐ, క్వార్ట్ కూడా అటువంటివే. ఫ్లాస్క్‌తో కట్టిన వెబ్ అప్లికేషన్ కొన్నేళ్లు నడిచాక దాన్ని వేరే ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలన్న ఆలోచన చాలా బృందాలకు వస్తుంది. మొదట్లో ఒకే ఫైలులో ఇమిడిన కోడు బ్లూప్రింట్లుగా, అంటే విడి భాగాలుగా, విడిపోతుంది. లాగిన్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ (తగిలించుకునే అదనపు ప్యాకేజీ), ఫారాలకు ఒకటి, డేటాబేస్‌కు ఒకటి, సిబ్బంది వాడే అడ్మిన్ పేజీలకు మరొకటి వచ్చి చేరతాయి. వాటిలో ఒకదాన్ని నిర్వహించేవారు పని ఆపేసినా, కొత్త వెర్షన్‌తో అది పొసగకపోయినా మొత్తం అప్‌గ్రేడ్ నిలిచిపోతుంది. మరికొందరికి కారణం వేరు: మొబైల్ యాప్ కోసం ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి డేటా మార్చుకునే దారి) రాయవలసి రావడం, లేదా ప్రతి రిక్వెస్ట్ ఏదో ఒక బయటి సేవ జవాబు కోసం ఎదురుచూడవలసి రావడం. ఫ్లాస్క్‌ను వదలాలా వద్దా, వదిలితే ఎటు వెళ్లాలి అన్న చోట ఆగిపోయినవారి కోసం ఈ వ్యాసం.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఫ్రేమ్‌వర్క్‌ల లక్షణాల జాబితాలు చదివి ఈ నిర్ణయం తీసుకోకూడదు. మీ అప్లికేషన్‌లో అన్నిటికంటే చిక్కైన భాగాన్ని, పాత డేటాబేస్ నకలు మీద, కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో కట్టి, దాన్ని అసలు సర్వర్ మీద నడిపించి చూశాకే తీసుకోవాలి. ఆ భాగం కోసం మీరు చేతితో రాయవలసి వచ్చిన కోడు ఎక్కడ తక్కువగా ఉంటుందో, అదే మీకు తగిన ఫ్రేమ్‌వర్క్ అయ్యే అవకాశం ఎక్కువ.

## నమూనాగా ఏం కట్టాలి

పలకరింపు వాక్యాన్ని చూపే ఒక్క పేజీని ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా నిమిషాల్లో కట్టవచ్చు కాబట్టి, ఎంపికకు పనికొచ్చే సమాచారం దాని నుంచి ఏమీ రాదు. పాఠాల్లో తరచుగా కనిపించే, చేయవలసిన పనులను నమోదు చేసుకునే అప్లికేషన్‌కూ అదే లోపం ఉంది: ఒకే టేబుల్, ఒకే వాడుకరి, పాత డేటా ఊసే లేదు.

ఈ పోలికకు నేను తీసుకున్న నమూనా ఒక చిన్న గ్రంథాలయపు లెడ్జర్. పుస్తకాలు, విషయ విభాగాలు, సభ్యులు, అప్పుగా ఇచ్చిన ప్రతులు అనే నాలుగు టేబుళ్లు, వాటితోపాటు పుస్తకాలకూ విషయ విభాగాలకూ మధ్య ఒక జోడింపు టేబుల్ ఉంటాయి. పుస్తకాల వెతుకులాట, ప్రతిని ఇవ్వడం, గడువు దాటిన వాటి జాబితా, సిబ్బంది లాగిన్, మొబైల్ యాప్‌కు జేసన్ (డేటాను సాదా అక్షరాలుగా రాసి పంపే పద్ధతి) రూపంలో పుస్తకాల వివరాలు అందించే ఒక దారి ఇందులోని పనులు. పైకి చిన్నదే అయినా ఇందులో ఒక నిజమైన చిక్కు ఉంది. రెండు కౌంటర్లలో ఇద్దరు ఉద్యోగులు ఒకే ప్రతిని ఒకే క్షణంలో ఇద్దరు సభ్యులకు ఇవ్వబోతే, ఒకరికి మాత్రమే దక్కాలి. ఈ పరిస్థితిని ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్ కలిసి ఎలా ఎదుర్కొంటాయో చూస్తే ఆ ఫ్రేమ్‌వర్క్ స్వభావం చాలావరకు అర్థమవుతుంది. మీ సొంత అప్లికేషన్‌లోనూ ఇటువంటి చోటు ఒకటి తప్పక ఉంటుంది. నమూనాను దాని చుట్టూ కట్టండి.

నమూనాలో నిజమైన తెలుగు డేటా ఉండాలని నేను గట్టిగా కోరతాను. ఆంగ్ల అక్షరాలతో పరీక్షించినప్పుడు కనిపించని చిక్కులు తెలుగు పేర్లు ఎక్కించగానే బయటపడతాయి. జాంగోలో శీర్షిక నుంచి వెబ్ చిరునామా తయారుచేసే స్లగిఫై ఫంక్షన్‌నే చూడండి. మామూలుగా వాడితే అది తెలుగు అక్షరాలన్నిటినీ తీసేసి ఖాళీ మాట ఇస్తుంది. యూనికోడ్‌ను అనుమతించమని చెప్పినా, పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాలు) గుణింతపు గుర్తులనూ పొల్లునూ పదంలో భాగంగా లెక్కించవు కాబట్టి, ‘తెలుగు’ అన్న మాట ‘తలగ’ అయి బయటికొస్తుంది. చిరునామాలో శీర్షికకు బదులు పుస్తకం సంఖ్యను వాడటమే దీనికి సులువైన మందు. పొడవు పరిమితులదీ ఇలాంటి సంగతే: ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో నాలుగు. పేరు గడికి 20 అక్షరాల పరిమితి పెట్టిన పాత ఫారం ఎందరి ఇంటిపేర్లను మధ్యలో తుంచుతుందో నమూనాలోనే తెలియాలి.

వెతుకులాటలో వచ్చే చిక్కు మరీ సూక్ష్మమైనది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ట కింద వ ఒత్తుగా మారకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తును టైపు చేస్తాం. ఒకరు ఆ గుర్తుతో నమోదు చేసిన శీర్షిక, మరొకరు అది లేకుండా వెతికితే దొరకదు. ఈ విషయంలో ఏ ఫ్రేమ్‌వర్కూ సాయపడదు. ఆ గుర్తును తీసేసిన రూపాన్ని వేరే కాలమ్‌లో దాచి, వెతికే మాటకూ అదే శుద్ధి చేసి పోల్చుకోవడం మన పనే.

## ఏ ప్రమాణాలతో చూడాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది పాత డేటా. కోడును తిరగరాయవచ్చు గాని, సభ్యుల పాస్‌వర్డ్‌లనూ ఏళ్ల తరబడి పేరుకున్న లావాదేవీలనూ తిరిగి పుట్టించలేం. దాని తరువాతి ప్రశ్న, పాత కోడులో ఎంత భాగం మిగులుతుందన్నది: డేటాబేస్ మోడళ్లు (టేబుళ్లను వర్ణించే కోడు), మైగ్రేషన్లు (టేబుళ్ల నిర్మాణంలో మార్పులను వరుసగా నమోదు చేసే ఫైళ్లు), హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లు (పేజీల అచ్చులు) ఒక్కొక్కటి విడిగా లెక్కలోకి తీసుకోవాలి. మూడోది, అప్లికేషన్‌ను వాడేది ఎవరు? బ్రౌజర్‌లో ఫారాలు నింపే సిబ్బందా, జేసన్ అడిగే మొబైల్ యాపా? నాలుగోది, రిక్వెస్ట్ నడిచే సమయంలో ఎక్కువ భాగం బయటి సేవల కోసం వేచి ఉండటంలోనే గడుస్తోందా? ఐదోది, మీకు అందుబాటులో ఉన్న హోస్టింగ్ ఏమిటి?

సెకనుకు ఎన్ని రిక్వెస్ట్‌లన్న కొలతను నేను కావాలనే వదిలేశాను. ఆ కొలతలు చాలావరకు ఖాళీ జవాబు పంపే పేజీల మీద తీసినవి. మన లెడ్జర్ వంటి అప్లికేషన్‌లో కాలమంతా డేటాబేస్ దగ్గరే గడుస్తుంది. గడువు దాటిన జాబితాలో ప్రతి వరుసకూ సభ్యుడి పేరు కోసం విడిగా ఒక క్వెరీ (డేటాబేస్‌కు పంపే ప్రశ్న) వెళ్తుంటే, ఏ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నా ఆ పేజీ నత్తనడకే నడుస్తుంది.

కింది పట్టికలో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అంటే డేటాబేస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ, అలెంబిక్ దాని మైగ్రేషన్ల పనిముట్టు, జింజా ఫ్లాస్క్ వాడే టెంప్లేట్ భాష. అసింక్ అంటే ఒక పని జవాబు కోసం వేచి ఉండగానే వేరే పనులు నడిపే తీరు. డబ్ల్యూఎస్‌జీఐ, ఏఎస్‌జీఐ అనేవి వెబ్ సర్వర్ పైథాన్ అప్లికేషన్‌ను నడిపే పద్ధతులు; రెండోది అసింక్‌కు వీలిస్తుంది.

| ప్రమాణం | జాంగో | ఫాస్ట్‌ఏపీఐ | క్వార్ట్ | ఫ్లాస్క్‌లోనే ఉండటం |
|---|---|---|---|---|
| పాత మోడళ్లు | తిరిగి రాయాలి. డేటాబేస్ నుంచి ముసాయిదా పుట్టించవచ్చు | ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ మోడళ్లు కొద్ది మార్పులతో నిలుస్తాయి | నిలుస్తాయి. అసింక్ క్వెరీలకు మార్పు కావాలి | అలాగే ఉంటాయి |
| మైగ్రేషన్లు | సొంత వ్యవస్థ. కొత్తగా మొదలు | అలెంబిక్ చరిత్ర కొనసాగుతుంది | అలెంబిక్ చరిత్ర కొనసాగుతుంది | మార్పు లేదు |
| టెంప్లేట్లు | జింజాను ఉంచుకోవచ్చు, లేదా తిరిగి రాయాలి | జింజా పనిచేస్తుంది | జింజా పనిచేస్తుంది | మార్పు లేదు |
| సిబ్బంది అడ్మిన్ పేజీలు | వెంట వస్తాయి | లేవు | లేవు | ఎక్స్‌టెన్షన్ కావాలి |
| లాగిన్, వాడుకరుల టేబుల్ | వెంట వస్తాయి | పనిముట్లు ఉన్నాయి, టేబుల్ మనదే | ఎక్స్‌టెన్షన్ కావాలి | ఎక్స్‌టెన్షన్ కావాలి |
| ఏపీఐ పత్రాలు | అదనపు ప్యాకేజీ కావాలి | వాటంతట అవే తయారవుతాయి | అదనపు ప్యాకేజీ కావాలి | అదనపు ప్యాకేజీ కావాలి |
| నడిపే పద్ధతి | డబ్ల్యూఎస్‌జీఐ, ఏఎస్‌జీఐ రెండూ | ఏఎస్‌జీఐ | ఏఎస్‌జీఐ | డబ్ల్యూఎస్‌జీఐ |

## జాంగో

జాంగో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టింది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణపు పత్రిక వెబ్‌సైట్ కోసం పనిచేసిన బృందం రాసుకున్న కోడు 2005 జూలైలో బయటి ప్రపంచానికి విడుదలైంది. కోడు రాయనివారు సమాచారాన్ని నమోదు చేసి వెంటనే ప్రచురించాలన్న అవసరం ఆ పుట్టుకలోనే ఉంది కాబట్టి, మోడల్ రాయగానే నమోదు, సవరణ, వెతుకులాట పేజీలు ఇచ్చే అడ్మిన్ భాగం దీనికి ప్రాణం. మన లెడ్జర్‌లో సిబ్బంది చేసే పనిలో సగానికి పైగా ఈ అడ్మిన్‌తోనే సరిపోతుంది. భాష సంకేతాన్ని తెలుగుకు మార్చితే అందులోని బటన్లు, సందేశాలు కొంతవరకు తెలుగులో కూడా కనిపిస్తాయి. అనువాదం లేని చోట ఆంగ్లం మిగులుతుంది.

కట్టే క్రమంలో పెద్ద వెసులుబాటు ఇన్‌స్పెక్ట్‌డీబీ అనే ఆదేశం. ప్రాజెక్ట్‌ను సృష్టించి, సెట్టింగుల్లో పాత డేటాబేస్ వివరాలిచ్చి దీన్ని నడిపితే ఉన్న టేబుళ్లను చదివి మోడళ్ల ముసాయిదా రాసిపెడుతుంది. ఆ మోడళ్ల మీద, టేబుల్ నిర్మాణాన్ని జాంగో ముట్టుకోకూడదన్న గుర్తు ఉంటుంది. ముసాయిదాను సరిదిద్ది, ఆ గుర్తు తీసేసి, మైగ్రేషన్లు పుట్టించాక, ఫేక్ ఇనీషియల్ అనే ఐచ్ఛికంతో మైగ్రేట్ చేస్తే, ఉన్న టేబుళ్లను మళ్లీ సృష్టించబోకుండా మొదటి మైగ్రేషన్ జరిగినట్టుగా నమోదు చేసుకుంటుంది. ఈ వరుసలో ఒక్కటి మాత్రం తారుమారు కాకూడదు: సొంత వాడుకరి మోడల్‌ను మొట్టమొదటి మైగ్రేట్‌కు ముందే ప్రకటించాలి. తరువాత మార్చడం సాధ్యమే గాని, అప్పటికి ఎన్నో టేబుళ్లు ఆ మోడల్‌కు ముడిపడి ఉంటాయి కాబట్టి చాలా శ్రమ.

జోడింపు టేబుల్ దగ్గర మరో అడ్డంకి ఎదురవుతుంది. ఫ్లాస్క్ ప్రాజెక్టుల్లో పుస్తకం, విభాగం సంఖ్యలు రెండూ కలిపి ప్రైమరీ కీగా (వరుసను గుర్తించే విలువగా) పెట్టడం మామూలు. జాంగో ఇటువంటి కీని 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి మాత్రమే గుర్తిస్తుంది, అప్పటికీ ఆ మోడల్‌ను అడ్మిన్‌లో నమోదు చేయనివ్వదు. ఆ టేబుల్‌కు విడిగా ఒక సంఖ్య కాలమ్‌ను చేర్చడమే నా సలహా. అన్నట్టు, 5.2 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్. 2028 ఏప్రిల్ వరకు భద్రతా సవరణలు అందుతాయి. ఏళ్ల పాటు పెద్దగా ముట్టుకోకుండా నడవాల్సిన కార్యాలయపు అప్లికేషన్‌కు ఈ హామీ చిన్న విషయం కాదు.

పాస్‌వర్డ్‌ల విషయం ఎవరూ ముందుగా ఆలోచించరు. ఫ్లాస్క్ ప్రాజెక్టులు సాధారణంగా పాస్‌వర్డ్‌లకు బదులు, ఫ్లాస్క్‌కు ఆధారమైన వెర్క్‌జ్యూగ్ లైబ్రరీ ఇచ్చే హ్యాష్‌లను (పాస్‌వర్డ్‌ను వెనక్కి చదవలేని రూపంలోకి మార్చిన విలువలను) దాస్తాయి. అవి పాత పీబీకేడీఎఫ్2 పద్ధతిలో ఉంటే, విషయం ఒకటే, రాసే తీరు వేరు: వెర్క్‌జ్యూగ్ హెక్స్‌లో రాస్తుంది, జాంగో బేస్64లో రాస్తుంది, కాబట్టి చిన్న స్క్రిప్టుతో మార్చుకోవచ్చు. తరువాతి కాలపు వెర్క్‌జ్యూగ్ ఎస్‌క్రిప్ట్ పద్ధతికి మారింది కనుక, అటువంటి హ్యాష్‌లకు జాంగోలో ఒక హ్యాషర్ తరగతి రాసుకోవాలి. సభ్యులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమనడం కంటే ఇది ఎంతో మేలు.

టెంప్లేట్లను తిరిగి రాయాలేమో అన్న భయం ఉంటుంది. జాంగో సొంత టెంప్లేట్ భాషలో ఫంక్షన్‌కు కుండలీకరణాలతో విలువలు పంపే వీలు లేదు, లూప్ సంఖ్య పేరు కూడా వేరు. అయితే 1.8 వెర్షన్ నుంచి జింజా ఇంజిన్‌ను కూడా జాంగో అంగీకరిస్తుంది. పాత పేజీలను జింజాలోనే ఉంచి, చిరునామాలు పుట్టించే ఫంక్షన్‌ను మాత్రం జింజా ఎన్విరాన్‌మెంట్‌లో చేర్చి, కొత్త పేజీలను జాంగో టెంప్లేట్లతో రాసుకోవడం ఆచరణలో బాగానే నడుస్తుంది.

ఇక ఆ కౌంటర్ల చిక్కు. తిరిగి రాని అప్పు ఒక ప్రతికి ఒకటే ఉండాలన్న షరతును మోడల్‌లోనే షరతుతో కూడిన యూనిక్ కన్‌స్ట్రెయింట్‌గా ప్రకటించవచ్చు. రెండో ఉద్యోగికి డేటాబేసే అడ్డుపడుతుంది. వరుసకు తాళం వేసే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ పద్ధతీ ఉంది గాని, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద దానికి ఏ ప్రభావమూ ఉండదు. అందుకే నమూనాను మొదటి రోజు నుంచీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే కట్టాలి.

## ఫాస్ట్‌ఏపీఐ

సెబాస్టియన్ రామిరెజ్ 2018 చివర్లో మొదలుపెట్టిన ఫాస్ట్‌ఏపీఐ, స్టార్లెట్, పైడాంటిక్ అనే రెండు లైబ్రరీల మీద నిలబడింది. ఫంక్షన్ రాసేటప్పుడు ఇచ్చే టైప్ సూచనలనే ఇది ఆధారంగా తీసుకుని, వచ్చిన డేటాను సరిచూస్తుంది, తప్పుంటే 422 సంకేతంతో ఏ గడిలో ఏ తప్పో వివరంగా చెబుతుంది, వాడుకోవడానికి వీలైన పత్రాల పేజీని తానే తయారుచేస్తుంది. మొబైల్ యాప్ రాసేవారు వేరే చోట కూర్చుని పనిచేస్తున్నప్పుడు ఆ పత్రాల పేజీ విలువ అంతా ఇంతా కాదు. ఏ గడి తప్పనిసరి, ఏది ఖాళీగా ఉండవచ్చు అన్న ప్రశ్నలతో ఫోన్లు చేసుకోవడం ఆగిపోతుంది.

తెలుగు డేటాకు ఒక అదనపు లాభం ఉంది. ఫ్లాస్క్, జాంగో జేసన్ జవాబుల్లో తెలుగు అక్షరాలు మామూలుగా ఆరేసి ఆస్కీ గుర్తుల సంకేతాలుగా వెళ్తాయి. యూటీఎఫ్-8లో మూడు బైట్లు పట్టే గుర్తు ఇలా ఆరు బైట్లవుతుంది. యాప్ రెండింటినీ ఒకేలా చదువుతుంది కనుక తప్పేమీ జరగదు గాని, జవాబు బరువు పెరుగుతుంది. ఫాస్ట్‌ఏపీఐ తెలుగును తెలుగుగానే పంపుతుంది. ఫ్లాస్క్‌లో కూడా ఒక్క సెట్టింగుతో ఇదే ఫలితం పొందవచ్చన్న మాటను ఇక్కడే చెప్పడం న్యాయం.

పాత కోడులో మిగిలేది ఇక్కడ ఎక్కువే. ఫ్లాస్క్ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఎక్స్‌టెన్షన్ ఇచ్చిన మూల తరగతిని తీసేసి, మామూలు డిక్లరేటివ్ తరగతి పెట్టాలి; మోడల్ పేరు మీదుగా రాసిన క్వెరీలను సెషన్ మీదుగా సెలెక్ట్ రూపంలోకి మార్చాలి. ఫ్లాస్క్ మైగ్రేట్ లోపల ఉన్నది అలెంబిక్కే కాబట్టి మైగ్రేషన్ల చరిత్ర తెగిపోదు. లాగిన్ మాత్రం పూర్తిగా మన చేతి పని. టోకెన్లు అందుకోవడానికి పనిముట్లు ఉన్నాయి గాని, వాడుకరుల టేబుల్, పాస్‌వర్డ్ మార్పు, సిబ్బంది హక్కులు అన్నీ రాసుకోవాలి. బ్రౌజర్ ఫారాలు తీసుకోవాలంటే పైథాన్-మల్టీపార్ట్ అనే ప్యాకేజీ విడిగా చేర్చాలి, నకిలీ ఫారాల నుంచి కాపాడే సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ కూడా వెంట రాదు. మన లెడ్జర్‌లో సిబ్బంది పేజీలన్నీ ఫాస్ట్‌ఏపీఐలో కడితే జాంగో అడ్మిన్ ఉచితంగా ఇచ్చేదాన్ని మళ్లీ చేతితో రాస్తున్నామన్న సంగతి కొద్దిసేపట్లోనే అర్థమవుతుంది.

ఫాస్ట్‌ఏపీఐకి మారినవారు పడే అసలు ఇబ్బంది అసింక్ దగ్గర ఉంది. అసింక్ అని రాసిన ఫంక్షన్ లోపల పాత పద్ధతి డేటాబేస్ డ్రైవర్‌ను వాడితే, ఆ క్వెరీ ముగిసేవరకు ఆ ప్రాసెస్‌లోని ఈవెంట్ లూప్ (పనులను వంతులవారీగా నడిపే యంత్రాంగం) మొత్తం ఆగిపోతుంది. మిగతా రిక్వెస్ట్‌లన్నీ వరుసలో నిలబడతాయి. అదే ఫంక్షన్‌ను అసింక్ లేకుండా మామూలుగా రాస్తే ఫాస్ట్‌ఏపీఐ దాన్ని విడి థ్రెడ్‌లో (సమాంతరంగా నడిచే పనిదారిలో) నడుపుతుంది, ఏ నష్టమూ ఉండదు. కాబట్టి ఫ్లాస్క్ నుంచి వచ్చినవారు మొదట అన్నీ మామూలు ఫంక్షన్లుగానే రాయాలని నా సలహా. ఆ థ్రెడ్ల సంఖ్యకు కూడా ఒక లెక్క ఉంది: ఒక ప్రాసెస్‌కు మామూలుగా 40. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఇచ్చే కనెక్షన్లు మాత్రం మామూలుగా 5, అదనంగా మరో 10. రద్దీ సమయంలో 40 థ్రెడ్లు 15 కనెక్షన్ల కోసం పోటీపడి, 30 సెకన్లు చూసి, పూల్ (కనెక్షన్ల నిల్వ) నిండిందన్న లోపంతో విఫలమవుతాయి. కనెక్షన్లను పెంచేముందు పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100 అని, నాలుగు ప్రాసెస్‌లు నడిపితే ప్రతి ఒక్కటీ తన పూల్ తాను తెచ్చుకుంటుందని లెక్కలోకి తీసుకోవాలి.

## క్వార్ట్

ఫ్లాస్క్ తీరునే అసింక్‌లో తిరిగి కట్టిన ఫ్రేమ్‌వర్క్ క్వార్ట్. ఫ్లాస్క్‌ను నిర్వహించే పాలెట్స్ సంస్థ గొడుగు కిందే ఉంది. దిగుమతి పేర్లు మార్చి, ఫంక్షన్ల ముందు అసింక్, ఫారం చదివే చోట, టెంప్లేట్ రాబట్టే చోట అవెయిట్ చేరిస్తే చాలా పేజీలు లేచి నిలబడతాయి. వెబ్‌సాకెట్లు (బ్రౌజర్‌తో తెరిచే ఉండే కనెక్షన్లు) కావాలి, ఫ్లాస్క్ అలవాటు పోకూడదు అనుకునేవారికి ఇది సరిపోతుంది. అయితే ఫ్లాస్క్ ఎక్స్‌టెన్షన్లలో అన్నీ పనిచేయవు, ఈవెంట్ లూప్ ఆగిపోయే ప్రమాదం ఇక్కడా ఉంది, ఫ్లాస్క్‌లో మీకు నచ్చని లోటు అడ్మిన్ పేజీలు లేకపోవడమో, లాగిన్ లేకపోవడమో అయితే ఈ మార్పుతో అది తీరదు. మన లెడ్జర్‌కు దీని వల్ల ఒనగూరేది దాదాపు ఏమీ లేదు.

## ఫ్లాస్క్‌లోనే ఉండిపోవడం

మార్చకపోవడం కూడా ఈ పోలికలో ఒక పూర్తి స్థాయి ఎంపికే. అర్మిన్ రోనాకర్ 2010 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఫ్లాస్క్ మొదటి నుంచీ చిన్న కేంద్రం, మిగతాదంతా మీ ఇష్టం అన్న పద్ధతిలోనే ఉంది. 2.0 వెర్షన్ నుంచి అసింక్ ఫంక్షన్లను కూడా అంగీకరిస్తుంది, కాకపోతే ఒక్కో రిక్వెస్ట్ ఒక్కో వర్కర్‌ను పట్టి ఉంచడం మారదు. పేజీలు నెమ్మదిగా వస్తున్నాయన్నది ఒక్కటే మీ ఫిర్యాదు అయితే, ముందు గడువు దాటిన జాబితా వంటి పేజీ ఎన్ని క్వెరీలు పంపుతోందో లెక్కపెట్టండి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలోని జాయిన్డ్‌లోడ్‌తో వాటిని ఒక్కటి చేయండి. కావలసిన ఇండెక్స్ చేర్చండి. ఈమెయిళ్లు పంపడం వంటి పనిని నేపథ్యంలో నడిచే సెలరీ అనే పనిముట్టుకు అప్పగించండి. ఇవన్నీ చేశాక కూడా మిగిలే కారణమే మారడానికి సరైన కారణం.

## నడిపించి చూడటం

పాత, కొత్త అప్లికేషన్లను పక్కపక్కనే నడపాలి కాబట్టి పోర్టుల సంగతి ముందే తేల్చుకోవాలి. ఫ్లాస్క్, క్వార్ట్ రెండూ మామూలుగా 5000 మీద, జాంగో, ఫాస్ట్‌ఏపీఐ రెండూ 8000 మీద లేస్తాయి. మ్యాక్‌ఓఎస్ మాంటెరీ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000ను వాడుకుంటుంది కనుక ఆ కంప్యూటర్లలో ఫ్లాస్క్ అసలు లేవకపోవచ్చు. నాలుగింటికీ నాలుగు వేర్వేరు సంఖ్యలు ఇచ్చేయడం మంచిది.

డెవలప్‌మెంట్ సర్వర్ మీద అన్నీ సవ్యంగా కనిపిస్తాయి. తేడాలు దాని తరువాత మొదలవుతాయి. జాంగోలో డీబగ్‌ను ఆపగానే, అనుమతించిన హోస్టుల జాబితా ఖాళీగా ఉంటే డెవలప్‌మెంట్ సర్వర్ లేవడానికే నిరాకరిస్తుంది, అసలు సర్వర్ లేచినా ప్రతి రిక్వెస్ట్‌నూ తిరస్కరిస్తుంది. అది సరిచేశాక పేజీలు వస్తాయి గాని వాటి అలంకరణంతా మాయమవుతుంది, ఎందుకంటే డీబగ్ లేనప్పుడు స్టాటిక్ ఫైళ్లను (సీఎస్‌ఎస్, బొమ్మలు వంటివాటిని) జాంగో అందించదు. కలెక్ట్‌స్టాటిక్ నడిపి, వైట్‌నాయిస్ ప్యాకేజీ లేదా ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ద్వారా వాటిని అందించాలి. ప్రాక్సీ (ముందుండి రిక్వెస్ట్‌లు అందుకుని లోపలికి పంపే సర్వర్) వెనుక హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తున్నప్పుడు ఫారం పంపితే 403 వస్తే, నమ్మదగిన సీఎస్‌ఆర్‌ఎఫ్ మూలాల సెట్టింగును, ప్రాక్సీ హెడర్ సెట్టింగును చూసుకోవాలి. డిప్లాయ్ ఐచ్ఛికంతో చెక్ ఆదేశాన్ని నడిపితే ఇటువంటి భద్రతా లోపాల్లో చాలావాటిని జాంగోయే ఎత్తిచూపుతుంది. ఫాస్ట్‌ఏపీఐలో సమానమైన చిక్కు దాన్ని నడిపే యూవికార్న్ సర్వర్ దగ్గర వస్తుంది: ప్రాక్సీ పంపే హెడర్లను అది మామూలుగా అదే యంత్రం నుంచి వచ్చినప్పుడే నమ్ముతుంది కాబట్టి, కంటైనర్లలో నడిపేటప్పుడు లింకులు హెచ్‌టీటీపీతో పుట్టుకొస్తాయి.

సమయ మండలాన్ని కూడా ఈ దశలోనే పరీక్షించాలి. జాంగో కొత్త ప్రాజెక్టు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) మొదలవుతుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర వరకు రెండింటి తేదీలు వేరుగా ఉంటాయి. పాత ఫ్లాస్క్ డేటాలో మండలం లేని స్థానిక సమయాలు ఉంటే, గడువు తేదీలు ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. తెల్లవారుజామున నమోదైన ఒక పాత లావాదేవీని ఎంచుకుని రెండు అప్లికేషన్లలోనూ తేదీ ఒకటేనా అని చూడండి.

హోస్టింగ్ విషయంలో, మీరు వాడేది తక్కువ ఖర్చు షేర్డ్ హోస్టింగ్ అయితే అక్కడ పైథాన్‌కు తరచుగా డబ్ల్యూఎస్‌జీఐ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు ఫాస్ట్‌ఏపీఐ, క్వార్ట్ పోటీలోంచి తప్పుకున్నట్టే; లేదా సొంత వర్చువల్ సర్వర్ తీసుకుని దాని నిర్వహణ భారం మోయాలి.

## ఎవరికి ఏది

ఒక కార్యాలయానికో సంస్థకో ఒంటరిగా అప్లికేషన్ నడుపుతున్న డెవలపర్‌కు, అందులో ఎక్కువ పని సిబ్బంది డేటా నమోదే అయితే, నేను జాంగోనే సిఫార్సు చేస్తాను. మొదట్లో మోడళ్లు తిరిగి రాసే శ్రమ ఎక్కువ, ఆ తరువాత ప్రతి కొత్త టేబుల్‌కూ పని తగ్గుతుంది. మీరు ఉద్యోగం మారినా, వచ్చేవారికి ఫోల్డర్ల అమరిక ముందే తెలిసి ఉంటుందన్నది కూడా లెక్కలోకి రావాలి.

మొబైల్ యాప్‌కు లేదా వేరుగా రాసిన బ్రౌజర్ ముఖానికి ఏపీఐ మాత్రమే అందించే బృందానికి ఫాస్ట్‌ఏపీఐ సహజమైన ఎంపిక, ముఖ్యంగా ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ మోడళ్లు ఇప్పటికే బాగా ఉన్నప్పుడు. రెండూ కావలసినవారు, అంటే సిబ్బందికి అడ్మిన్, ప్రజలకు యాప్ ఉన్నవారు, జాంగోతో మొదలుపెట్టి జేసన్ దారులను జాంగోకు ఏపీఐలు చేర్చే ప్యాకేజీలైన జాంగో నింజా లేదా రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌తో చేర్చుకోవడం మేలు. రెండు ఫ్రేమ్‌వర్క్‌లను శాశ్వతంగా మోయడానికి చిన్న బృందం దగ్గర మనుషులు ఉండరు. చదువుకుంటున్నవారి పరిస్థితి వేరు. వారికి పాత డేటా లేదు, నష్టపోయేదీ లేదు కాబట్టి, ఇదే లెడ్జర్‌ను మొదట జాంగోలో, ఆ తరువాత ఫాస్ట్‌ఏపీఐలో కట్టి చూస్తే, ఫ్రేమ్‌వర్క్ మన కోసం ఏం చేస్తోందో స్పష్టంగా తెలుస్తుంది.

ఎంపిక తేలాక, మొత్తాన్ని ఒకే రాత్రి మార్చవద్దు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో చిరునామాను బట్టి కొన్ని పేజీలను కొత్త అప్లికేషన్‌కు, మిగతా వాటిని పాతదానికి పంపవచ్చు. ఫాస్ట్‌ఏపీఐలో అయితే పాత ఫ్లాస్క్ అప్లికేషన్‌నే ఒక దారి కింద తగిలించి నడపవచ్చు. సెషన్ కుకీల రూపం రెంటికీ వేరు కాబట్టి లాగిన్ పేజీని, లాగిన్ అవసరమైన పేజీలను ఒకే విడతలో తరలించాలి, లేకపోతే సిబ్బంది రెండుసార్లు లాగిన్ కావాల్సి వస్తుంది. ఈ మధ్యకాలంలో డేటాబేస్ టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే హక్కు రెండు అప్లికేషన్లలో ఒక్కదానికే ఉండాలి. చివరి పేజీ తరలే వరకు ఆ హక్కును ఫ్లాస్క్ వైపు అలెంబిక్‌కే ఉంచి, జాంగోకు వెళ్తున్నవారు పాత టేబుళ్ల మోడళ్ల మీది ముట్టుకోవద్దన్న గుర్తును తీసివేయకుండా ఆగి, పాత సర్వర్‌ను ఆపిన రోజున ఆ గుర్తులు తీసి, మైగ్రేషన్లు పుట్టించి, ఫేక్ ఇనీషియల్‌తో ఆ హక్కును కొత్తదానికి అప్పగించండి.